పేరులేని రోగం: తెలుగునాట పెంపుడు కుక్కల ఉదరవ్యాధుల గుర్తింపు, చికిత్స – చారిత్రక పరిశీలన (కొల్లేటి ప్రాంతం నేపథ్యంగా)

సారాంశం

ఆవుకు, గొర్రెకు, కోడికి వచ్చే రోగాలకు తెలుగు రైతాంగం ప్రత్యేక నామాలను కల్పించుకుంది. ఇంటి ముంగిట కాపలా ఉండే కుక్క రోగాలకు మాత్రం అటువంటి నామసంపద ఏర్పడలేదు. ‘పిచ్చి’, ‘గజ్జి’ అనే రెండు మాటలే విస్తృతంగా వినిపిస్తాయి. ఆ రెండూ మనిషి భయాన్ని, అసహ్యాన్ని సూచించేవే గాని కుక్క బాధను సూచించేవి కావు. ప్రాణాంతకమైన ఉదరవ్యాధులు ఈ కారణంగా చాలాకాలం పేరులేకుండా ఉండిపోయాయి. పేరు లేకపోవడం గుర్తింపును, గుర్తింపు ఆలస్యం కావడం చికిత్సను ఎలా ప్రభావితం చేశాయో సాహిత్య, శాసన, వైద్య చరిత్రల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆకివీడు పరిసరాల కొల్లేటి ప్రాంతపు జీవన పరిస్థితులు ఇందుకు నేపథ్యం.

కీలక పదాలు: పశువైద్యం, రోగనామాలు, పెంపుడు కుక్క, పార్వో, కడుపుబ్బరం, కొల్లేరు, ఆకివీడు.

1. ఉపోద్ఘాతం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరుల నీరు అందులో చేరి, ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ ఉప్పుటేటికి చేరువలోని వ్యాపార పట్టణం ఆకివీడు. 1925లో ఏర్పడిన పశ్చిమ గోదావరి జిల్లా 2022లో విభజన పొందినప్పుడు ఏలూరు వేరొక జిల్లాకు కేంద్రమైంది. ఆకివీడు, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా గల పశ్చిమ గోదావరిలో మిగిలాయి. పరిపాలన హద్దులు మారినా ఈ ప్రాంతపు జీవనాధారాలు రెండే: వరి, చేప. చేలగట్లపైనా చెరువుగట్లపైనా మనిషి కాపలాకు తోడుగా ఉండేది కుక్క. పట్టణంలోని మేడల్లో విదేశీ జాతుల కుక్కల పెంపకం తర్వాత వచ్చిన అలవాటు.

ఈ కుక్క జబ్బుపడినప్పుడు ఇంట్లో వినిపించే మాటలను గమనిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. ‘అరగలేదు’, ‘వేడి చేసింది’, ‘ఏదో తినేసింది’, ‘గడ్డి తిని అదే కక్కేస్తుందిలే’ అనే మాటలన్నీ కారణాన్ని ఊహించేవి. వాటిలో రోగం పేరు ఒక్కటీ లేదు. అదే ఇంట్లో గేదె మేత మానితే రైతు రెండు మూడు రోగాల పేర్లు చెప్పగలడు. ఒకే లోగిలిలోని రెండు జంతువుల విషయంలో భాష చూపిన ఈ తేడాకు చారిత్రక కారణాలున్నాయి. వాటిని వరుసక్రమంలో పరిశీలించవచ్చు.

2. ‘పశుచికిత్స’లో కుక్క స్థానం

తెలుగు నేలపై జంతువైద్యానికి లభించే అతి ప్రాచీన లిఖిత సాక్ష్యం కర్నూలు ప్రాంతంలోని ఎర్రగుడి అశోక శాసనాలలో ఉంది. క్రీ.పూ. 3వ శతాబ్దికి చెందిన ఈ శిలాశాసనాల్లో రెండవది మనుష్య చికిత్స, పశు చికిత్స అని రెండు విధాల వైద్యాన్ని ఏర్పాటు చేసినట్లు ప్రకటిస్తుంది. ఓషధులు దొరకని చోట వాటిని తెప్పించి నాటించినట్లు కూడా చెబుతుంది. రాజ్యం జంతువుల ఆరోగ్యాన్ని తన బాధ్యతగా చెప్పుకున్న అరుదైన సందర్భం ఇది.

అయితే ‘పశు’ శబ్దంలో కుక్క చేరుతుందా అనేది ఆలోచించదగిన ప్రశ్న. వైదిక సంప్రదాయంలో పేర్కొన్న పంచపశువులు పురుషుడు, అశ్వం, వృషభం, మేషం, అజం. అందులో కుక్క లేదు. తెలుగు వాడుకలో ‘పశువు’ అంటే ప్రధానంగా ఆవు, ఎద్దు, గేదె. ‘పశువులకొట్టం’, ‘పశుగ్రాసం’, ‘పశుపోషణ’ అనే సమాసాలన్నీ ఈ అర్థంలోనే ఏర్పడ్డాయి. ఆధునిక కాలంలో ‘వెటర్నరీ’ అనే మాటకు ‘పశువైద్యం’ స్థిరపడినప్పుడు పాత అర్థపరిధి కూడా దానితోపాటు వచ్చింది. నేటికీ కుక్కను తీసుకువెళ్లవలసిన చోటు ‘పశువుల ఆసుపత్రి’. దానిని నడిపేది ‘పశుసంవర్ధక శాఖ’. సంవర్ధనం అంటే వృద్ధి చేయడం. పాలు, మాంసం, దుక్కిబలం ఇచ్చే జంతువుల వృద్ధి ఆ మాటలోని ఉద్దేశం. కుక్క ఆ తలుపు తట్టవచ్చు గాని, తలుపు మీది పేరు దానిది కాదు.

3. సాహిత్యంలో ఉన్న కుక్క, శాస్త్రంలో లేని కుక్క

తెలుగు సాహిత్యం కుక్కను విస్మరించలేదు. నన్నయ ఆదిపర్వంలోనే సరమ వృత్తాంతం ఉంది. జనమేజయుని యాగస్థలికి వచ్చిన కుక్కపిల్ల సారమేయుణ్ణి రాజు తమ్ముళ్లు కొట్టడం, తల్లి సరమ వచ్చి రాజును ప్రశ్నించడం, నిరపరాధికి చేసిన కీడుకు ఫలితం తప్పదని హెచ్చరించడం అందులోని కథ. భారతం చివర, తిక్కన తెనిగించిన మహాప్రస్థానిక పర్వంలో, వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానని ధర్మరాజు పట్టుబడతాడు. ఆంధ్ర మహాభారతం మొదట కుక్కపిల్ల దెబ్బ, చివర కుక్కను విడువని రాజు ఉండడం గమనార్హం. ప్రబంధాల వేట వర్ణనల్లో జాగిలాలకు ఉచిత స్థానం లభించింది. మనుచరిత్రలోని స్వరోచి వేట ఇందుకు సుపరిచితమైన ఉదాహరణ. కాలభైరవుని వాహనంగా కుక్క ఆలయశిల్పంలోనూ నిలిచింది.

పొరుగున కన్నడ దేశంలో 10వ శతాబ్ది మధ్యకాలపు ఆతకూరు వీరగల్లు అడవిపందితో పోరాడి మరణించిన ‘కాళి’ అనే వేటకుక్క స్మారకం. కళ్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో కూర్చిన మానసోల్లాసంలో శునక వినోదానికి ప్రత్యేక ప్రకరణం ఉంది. అంటే కుక్క ధర్మానికి ప్రతీక అయింది, వేటలో వీరుడైంది, రాజవినోదమూ అయింది. రోగిగా దాని చిత్రణ మాత్రం అరుదు.

శాస్త్ర వాఙ్మయంలో ఈ లేమి మరింత స్పష్టం. గుర్రానికి శాలిహోత్రం, ఏనుగుకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదం సంస్కృతంలో ప్రసిద్ధాలు. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసం రచించాడు. భీమవరం, ఆకివీడు ప్రాంతాల్లో సంక్రాంతి పందేల వేళ నేటికీ కుక్కుటశాస్త్రాన్ని సంప్రదించేవారున్నారు. కోడికి రంగును బట్టి, తిథిని బట్టి, దిక్కును బట్టి ఒక శాస్త్రం ఏర్పడిన ఈ నేలపై శునకశాస్త్రం అనే మాట కూడా ప్రచారంలోకి రాలేదు. రాజుకు యుద్ధానికి అవసరమైన జంతువుకు, రైతుకు సేద్యానికి అవసరమైన జంతువుకు, పందెగాడికి డబ్బు తెచ్చే పక్షికి విద్య పెరిగింది. కుక్క విలువ అటువంటి లెక్కకు అందలేదు. ఒకటి పోతే వీధిలో మరొకటి దొరుకుతుంది.

ఆయుర్వేదం కుక్కను వేరొక కోణంలో గుర్తించింది. సుశ్రుతసంహిత కల్పస్థానంలో పిచ్చికుక్క కాటు వల్ల కలిగే అలర్క విషం వివరంగా ఉంది. అక్కడ రోగి కుక్క కాదు, కరవబడిన మనిషి. తర్వాతి చరిత్ర మొత్తానికీ ఈ దృష్టి వర్తిస్తుంది.

4. తెలుగు రోగనామాల తీరు

తెలుగు పశురోగ నామాలు వినగానే లక్షణాన్ని కళ్ల ముందు నిలుపుతాయి. గొంతు వాచి గురక పెడితే గొంతువాపు. జబ్బ కండరం ఉబ్బితే జబ్బవాపు. నోటిలోనూ గిట్టల నడుమా పుండ్లు పడితే గాలికుంటు. పొదుగుకు వస్తే పొదుగువాపు. గొర్రె చిటికెలో కుప్పకూలితే చిటుకరోగం. గొర్రె, మేకలు విపరీతంగా పారితే పారుడురోగం. కోళ్లను తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. పశుసంపదను శతాబ్దాల పాటు హరించింది ముసరవ్యాధి. ఈ పేర్లలో కొన్ని రోగం సోకిన అవయవాన్ని, కొన్ని మరణవేగాన్ని, కొన్ని విసర్జన స్వరూపాన్ని చెబుతాయి. పేరు తెలిసినవాడికి తర్వాత ఏమి జరగబోతుందో కూడా కొంత తెలుస్తుంది. వ్యాధిగ్రస్తమైన పశువును మంద నుంచి వేరు చేయాలనే జాగ్రత్త పేరుతోపాటే ఒక తరం నుంచి మరో తరానికి అందింది.

కుక్క విషయంలో ‘పిచ్చి’, ‘గజ్జి’ రెండూ తిట్లుగా మారిపోయినవే. ‘కుక్కచావు’ అనే జాతీయం దిక్కులేని చావుకు పర్యాయం. చూసేవారు లేక, మందు లేక, పేరులేని జబ్బుతో పోవడం కుక్కకు సహజమనే భావన ఆ జాతీయానికి ఆధారం. ఇంటి కుక్క నాలుగు రోజులు కక్కి, రక్తం పారి చనిపోతే దానిని రోగం అనకుండా ‘పోయింది’ అని ఊరుకోవడంలో ఈ భావనే పనిచేస్తుంది.

లోకోక్తుల్లో వైద్యపరిశీలన బొత్తిగా లేదని కాదు. కుక్క కడుపులో నెయ్యి ఇమడదన్న మాట అల్పునికి దక్కిన భోగాన్ని ఎత్తిపొడవడానికి వాడేదే అయినా, దాని అడుగున ఒక అనుభవం ఉంది. కొవ్వు ఎక్కువగా ఉన్న తిండి తిన్న కుక్కకు క్లోమగ్రంథి వాచి తీవ్రమైన వాంతులు, కడుపునొప్పి రావచ్చునని ఆధునిక వైద్యం చెబుతుంది. విందు మరునాడు మిగిలిన నేతివంటలు, వేపుడు మాంసం కుక్కకు పెట్టే ఇళ్లలో ఇది నిజమైన ప్రమాదం. ఆ అనుభవం నీతివాక్యంగా మారింది గాని, వైద్యసూత్రంగా నిలవలేదు.

5. వలసపాలన కాలం: ముసరకు శాఖ, పిచ్చికి సంస్థ

ఆధునిక పశువైద్య వ్యవస్థ భారతదేశంలో ముసరవ్యాధి భయంతో పుట్టింది. హాలెన్ అధ్యక్షతన ఏర్పడిన పశుమారి సంఘం 1871లో నివేదిక సమర్పించింది. 1889లో పూనాలో స్థాపించిన ఇంపీరియల్ బాక్టీరియలాజికల్ లాబొరేటరీ కొన్నేళ్లకు హిమాలయ ప్రాంతంలోని ముక్తేశ్వర్‌కు మారింది. తెలుగు జిల్లాలు కూడా చేరి ఉన్న మద్రాసు రాజధానిలో 1903లో పశువైద్య కళాశాల ప్రారంభమైంది. 1924లో మద్రాసు నుంచి ఇండియన్ వెటర్నరీ జర్నల్ వెలువడసాగింది. ఈ కృషికి ఫలితం దక్కింది. 2006లో భారతదేశం, 2011లో ప్రపంచం మొత్తం ముసర నుంచి విముక్తి పొందినట్లు ప్రకటన వెలువడింది.

కుక్కకు సంబంధించిన రాజ్యవ్యవస్థ మరో మార్గంలో వచ్చింది. 1900లో కసౌలీలో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. దక్షిణాదివారు పిచ్చికుక్క కాటుకు చికిత్స కోసం అంత దూరం ప్రయాణించవలసి వచ్చేది. 1907లో నీలగిరులలోని కూనూరులో దక్షిణ భారత పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ పని మొదలుపెట్టింది. మనుషుల ప్రాణాలను కాపాడిన మహత్తర సంస్థ ఇది. అయితే కుక్క ఇక్కడా రోగవాహకమే. సుశ్రుతుని కాలపు దృష్టి, పాశ్చర్ కాలపు దృష్టి ఈ ఒక్క విషయంలో ఏకీభవించాయి.

స్వాతంత్ర్యానికి ముందూ వెనుకా తెలుగునాట పశువైద్యవిద్య విస్తరించింది. హైదరాబాదులో 1946లోనూ, తిరుపతిలో 1955లోనూ కళాశాలలు వచ్చాయి. కొల్లేటి ప్రాంతానికి చేరువలోని గన్నవరంలో 1998లో ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఏర్పడింది. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం తిరుపతి కేంద్రంగా అవతరించింది. కుక్క రోగిగా ఆసుపత్రి మెట్లెక్కడానికి అవసరమైన విద్య ఈ సంస్థల ద్వారా సమకూరింది. 1992లో హైదరాబాదులో ప్రారంభమైన బ్లూ క్రాస్ వంటి స్వచ్ఛంద సంస్థలు వీధికుక్క బాధను కూడా బాధగా చూసే దృష్టిని నగరాల్లో పెంచాయి.

6. పార్వో: పేరుతో వచ్చిన తొలి ఉదరవ్యాధి

1978లో ప్రపంచం నలుమూలలా కుక్కల్లో ఒక కొత్త రోగం బయటపడింది. వాంతులు, దుర్గంధంతో కూడిన రక్తవిరేచనాలు, రెండు మూడు రోజుల్లో మరణం దాని లక్షణాలు. పిల్లుల్లో ముందునుంచే తెలిసిన పాన్‌ల్యూకోపీనియా వైరస్‌కు సన్నిహితమైన ఒక సూక్ష్మజీవి దీనికి కారణమని తేలింది. లాటిన్‌లో ‘చిన్నది’ అనే అర్థం గల మాట నుంచి దానికి పార్వో అనే పేరు వచ్చింది. నిల్వ ఉంచిన పాత రక్తనమూనాలను పరీక్షించినప్పుడు 1970ల మధ్యకాలంలోనే ఐరోపా కుక్కల్లో దాని జాడలు ఉన్నట్లు తెలిసింది. రెండేళ్లలోపే అది ఖండాంతరాలకు వ్యాపించింది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో లీలండ్ కార్మైకేల్, మాక్స్ ఆపెల్ తదితరులు దానిపై పరిశోధించి టీకా రూపకల్పనకు తోడ్పడ్డారు. భారతదేశంలో రామదాస్, ఖాదర్ 1982లో ప్రయోగశాల పరీక్షల ద్వారా ఈ రోగనిర్ధారణను ఇండియన్ వెటర్నరీ జర్నల్‌లో ప్రకటించారు.

ఈ వైరస్ త్వరత్వరగా విభజన చెందే కణాలను ఆశ్రయిస్తుంది. పేగు లోపలి పొరను నిత్యం కొత్తగా తయారుచేసే కణాలు, ఎముకమజ్జలోని కణాలు దానికి లక్ష్యాలు. పేగుపొర రాలిపోవడంతో ఆహారం జీర్ణం కాదు, నీరు నిలవదు, పేగులోని బాక్టీరియా రక్తంలో ప్రవేశిస్తుంది. మజ్జ దెబ్బతినడంతో తెల్లకణాలు తగ్గి, ఆ బాక్టీరియాను ఎదిరించే శక్తి కూడా పోతుంది. ఇంటివారికి ‘కడుపు జబ్బు’గా కనిపించేది నిజానికి శరీరమంతటి సంక్షోభం. ఆరు వారాల నుంచి ఆరు నెలల వయసు పిల్లలకు ముప్పు అధికం. సోకిన తర్వాత సాధారణంగా మూడు నుంచి ఏడు రోజుల్లో లక్షణాలు మొదలవుతాయి. ముందు తిండి మానడం, మూల చేరి పడుకోవడం, తర్వాత వాంతులు, ఆ తర్వాత రక్తం కలిసిన విరేచనాలు. చికిత్స లేకపోతే అధిక భాగం పిల్లలు చనిపోతాయి. సకాలంలో ఆసుపత్రి చికిత్స అందితే పదింటిలో ఎనిమిది, తొమ్మిది బతుకుతాయి.

ఈ రెండు ఫలితాల నడుమ ఉన్నది ఒకటి రెండు రోజుల వ్యవధి. ‘అరగలేదు, రేపటికి తగ్గుతుంది’ అనే మాట ఆ వ్యవధిని మింగేస్తుంది. పార్వో అనే పేరు తెలుగువారి నోట స్థిరపడిన తర్వాత ఈ స్థితి మారసాగింది. పేరు విన్న యజమాని పరీక్ష గురించి, టీకా గురించి అడుగుతున్నాడు. మొదటి పెంపుడు కుక్కను పోగొట్టుకున్న ఇల్లు రెండవదానికి టీకా వేయిస్తోంది. పేరు విదేశీయమే అయినా ‘పోయింది’ అన్న చోట ‘పార్వోతో పోయింది’ అనడం ఒక చారిత్రక మార్పు. కుక్క మరణానికి కారణం ఉంటుందనీ, దానిని ఆపవచ్చుననీ భాష అంగీకరించింది.

టీకా విషయంలోనూ ఒక సూక్ష్మం ఉంది. తల్లి నుంచి వచ్చిన రక్షణ పిల్ల శరీరంలో ఉన్నంతకాలం టీకా పూర్తిగా పనిచేయదు. ఆ రక్షణ ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కో విధంగా ఉంటుంది. అందువల్ల ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, పదహారు వారాలు నిండేవరకు టీకాలు కొనసాగించాలి. ‘ఒక సూది వేయించాం గదా’ అనే ధీమాతో ఆగిపోయిన చోట టీకా పొందిన పిల్ల కూడా చనిపోతుంది, తర్వాత నింద టీకా మీద పడుతుంది. వైరస్ నేలలో నెలల తరబడి సజీవంగా ఉంటుంది. మామూలు ఫినాయిలుపై ఆధారపడక, బ్లీచింగ్ ద్రావణంతో శుభ్రం చేయడం అవసరం.

7. చికిత్స వెనుక మానవవైద్య చరిత్ర

పార్వో వైరస్‌ను ఎదుర్కొనడంలో చికిత్సకు మూలస్తంభం నరం ద్వారా ఎక్కించే ద్రవం. దీని చరిత్ర కుక్కతో మొదలు కాలేదు. 1832లో స్కాట్లాండులో థామస్ లాటా కలరా రోగులకు నరాల ద్వారా లవణజలం ఎక్కించాడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థి శిబిరాల్లో దిలీప్ మహలనాబిస్ నోటి ద్వారా ఇచ్చే చక్కెర, ఉప్పు ద్రావణంతో వేలమందిని కాపాడాడు. వాంతిభేదిలో చంపేది నీటి నష్టమనే జ్ఞానం మనుషుల మృత్యువుల నుంచి వచ్చి కుక్కలకు ఉపకరించింది. అయితే ఆగకుండా కక్కుతున్న కుక్కకు నోటి ద్వారా పోసే ద్రావణం నిలవదు. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. సెలైను, వాంతిని ఆపే మందులు, బాక్టీరియాను అణచే యాంటీబయాటిక్‌లు, వాంతి అదుపులోకి రాగానే కొద్దికొద్దిగా ఆహారం ఇవ్వడం నేటి చికిత్సాక్రమం.

ఈ చరిత్రలో ఆకివీడు పరిసరాలకు గర్వకారణమైన ఒక బంధం ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధనల నుంచి డైఇథైల్ కార్బమజైన్ అనే మందు వచ్చింది. డెల్టా ప్రజలను పీడించిన బోదకాలుకు అది ఔషధమైంది. అదే మందును కుక్కల్లో గుండెపురుగు నివారణకూ, పేగుల్లోని ఏలికపాముల నిర్మూలనకూ దశాబ్దాల పాటు వాడారు. ఆయన పర్యవేక్షణలోనే 1948లో వెలువడిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. ఆ కుటుంబపు మందులు నేటికీ జంతువైద్యంలో ఉన్నాయి. మనిషి వైద్యానికీ జంతువైద్యానికీ మధ్య గోడ ఎంత పలుచనిదో ఈ ఉదాహరణ తెలుపుతుంది.

8. కొల్లేటి గట్టు: ఒకే లక్షణం, అనేక కారణాలు

పార్వో అనే పేరు ప్రచారంలోకి రావడం మేలే. కాని కొత్త పేరు అన్ని రోగాలనూ తనలో కలుపుకునే ప్రమాదం కూడా ఉంది. కొల్లేటి ప్రాంతపు పరిస్థితులు ఈ విషయాన్ని స్పష్టం చేస్తాయి. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సు పరిసరాలు చేపల చెరువులకు కేంద్రం. 2006లో సరస్సులోని అక్రమ చెరువుగట్లను తొలగించినా చుట్టుపక్కల ఆక్వాసాగు కొనసాగుతోంది. పట్టుబడి నాడు గట్టు మీద పడే చచ్చిన చేపలు, తలలు, ముళ్లు, గాలాలు, మేత సంచుల ప్లాస్టిక్కు కుక్కకు అందుబాటులో ఉంటాయి. చేపముల్లు, గాలం, ప్లాస్టిక్కు పేగులో అడ్డుపడితే వాంతులు ఆగవు, మలం రాదు. దీనికి టీకా గాని సెలైను గాని పరిష్కారం కాదు. ఎక్స్‌రే, తరచుగా శస్త్రచికిత్స అవసరం.

వరిచేలలో ఎలుకల కోసం పెట్టే జింక్ ఫాస్ఫైడ్ ఎర మరో ప్రమాదం. కడుపులోని ఆమ్లంతో కలిసి అది ఫాస్ఫీన్ అనే విషవాయువును విడుదల చేస్తుంది. విషానికి విరుగుడుగా అన్నమో పాలో పెట్టాలనే ఆలోచన ఇక్కడ ప్రాణం తీస్తుంది, ఎందుకంటే తిండి ఆమ్లాన్ని పెంచుతుంది. పురుగుమందుల్లో ఆర్గానోఫాస్ఫేట్ వర్గం వల్ల చొంగ కారడం, వాంతులు, విరేచనాలు, కండరాల వణుకు కలుగుతాయి. వాటికి విరుగుడు మందు ఉంది, అందుకే తిన్నదేమిటో వైద్యునికి చెప్పడం, డబ్బా గాని పొట్లం గాని వెంట తీసుకువెళ్లడం కీలకం. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్‌లో వాంతులతో పాటు కళ్లు, చిగుళ్లు పచ్చబడతాయి. అది మనిషికీ సోకుతుంది. తడినేలలో కొంకిపురుగు పట్టిన పిల్లకు మలం తారులా నల్లబడి, చిగుళ్లు పాలిపోతాయి. చౌకైన నట్టల మందును వేళకు వేస్తే దీనిని నివారించవచ్చు.

ఇన్ని కారణాలకూ పైకి కనిపించేది ‘వాంతులు, విరేచనాలు’ అనే ఒకే లక్షణం. పశురోగాల విషయంలో పూర్వులు చేసినట్లు ఇక్కడ కూడా లక్షణాల్లోని తేడాలను విడదీసి చూడడం అలవాటు కావాలి. చిగుళ్లు గులాబీరంగులో ఉన్నాయా, పాలిపోయాయా, పచ్చబడ్డాయా? చిగురును వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి వస్తోందా? మెడ మీది చర్మాన్ని పట్టి వదిలితే వెంటనే సర్దుకుంటోందా, మడతలా నిలుస్తోందా? ఆరోగ్యవంతమైన కుక్క శరీర ఉష్ణోగ్రత సుమారు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. అంతకు బాగా ఎక్కువైనా, తగ్గినా హెచ్చరికే. రక్తం కనిపించినా, ఒక రోజులో పలుమార్లు కక్కినా, పిల్ల నీళ్లు కూడా తాగలేకపోయినా మరునాటి వరకు ఆగడానికి వీలులేదు.

మనుషుల మందులను తోచినట్లు వేయడం ఈ జాబితాలో చేర్చవలసిన మరో కారణం. నొప్పికో జ్వరానికో ఇంట్లో ఉన్న ఇబుప్రొఫెన్ బిళ్ల కుక్క కడుపులో పుండ్లు పుట్టించి రక్తవాంతులకు దారితీయగలదు. ప్రేమతో వేసిన బిళ్ల రోగానికి రెండవ కారణం అవుతుంది.

9. అరువు తెచ్చుకున్న పేరు: ‘కడుపుబ్బరం’

పేరు లేకపోవడం ఎంత ప్రమాదమో, వేరే జంతువు నుంచి పేరును అరువు తెచ్చుకోవడం కొన్నిసార్లు అంతకంటె ప్రమాదం. గేదెకు, ఆవుకు వచ్చే కడుపుబ్బరం రైతుకు చిరపరిచితం. పచ్చిమేత ఎక్కువై మొదటి పొట్టలో వాయువు చేరితే ఎడమ డొక్క ఉబ్బుతుంది. గొట్టంతో నూనె తాగించడం, విషమిస్తే వైద్యుడు ఎడమ డొక్కలో గుచ్చి వాయువును తీయడం తెలిసిన పద్ధతులు. నెమరువేసే జంతువు శరీరనిర్మాణానికి తగిన చికిత్స అది.

లోతైన ఛాతీ గల పెద్దజాతి కుక్కల్లో, ఉదాహరణకు గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ వంటి వాటిలో, పొట్ట వాయువుతో ఉబ్బడమే కాక తన ఇరుసు మీద మెలిపడిపోతుంది. మెలితో పొట్టకు రెండు వైపులా దారి మూసుకుపోతుంది. రక్తప్రసరణ ఆగి పొట్టగోడ చచ్చుబడుతుంది, గుండెకు చేరే రక్తం తగ్గి కుక్క షాక్‌లోకి వెళుతుంది. కక్కాలని పదేపదే ప్రయత్నించినా ఏమీ రాకపోవడం, చొంగ కారడం, ఒకచోట నిలవలేకపోవడం, డొక్క బిగుసుకోవడం దీని గుర్తులు. గంటల్లో ప్రాణం పోతుంది. పొట్టలోని వాయువును తగ్గించి, ద్రవాలు ఎక్కించి, శస్త్రచికిత్సతో మెలి విప్పి, మళ్లీ మెలిపడకుండా పొట్టను ఉదరకుడ్యానికి కుట్టడం తప్ప మార్గం లేదు.

ఈ స్థితిని కూడా తెలుగులో ‘కడుపుబ్బరం’ అనే అంటున్నారు. మాట ఒకటే కావడంతో చికిత్స కూడా ఒకటే అనిపిస్తుంది. గేదెకు నూనె పట్టిన చేయి కుక్కకూ పడుతుంది. దారి మూసుకుపోయిన పొట్టలోకి నూనె దిగదు, ఊపిరితిత్తుల్లోకి దిగవచ్చు. అంతకంటె ముఖ్యంగా, ‘నూనె పట్టాం, చూద్దాం’ అనే ఎదురుచూపులో శస్త్రచికిత్సకు ఉన్న గంటలు గడిచిపోతాయి. పశువైద్యుల తెలుగు ప్రచురణల్లో దీనికి ‘పొట్టమెలి’ వంటి వేరు పేరు స్థిరపరచడం కేవలం పరిభాషా సమస్య కాదు, ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.

10. ముగింపు

ఎర్రగుడి శిలపై పశుచికిత్స అనే మాట చెక్కిన నాటి నుంచి జంతువుకు వైద్యం అనే భావన తెలుగు నేలకు కొత్త కాదు. కాని ఆ చికిత్స పరిధిని ఉపయోగం నిర్ణయించింది. ఏనుగు, గుర్రం, ఎద్దు, పందెంకోడి శాస్త్రాలకు ఎక్కాయి, కుక్క కావ్యాలకే పరిమితమైంది. వలసపాలన ముసర కోసం శాఖను, పిచ్చికాటు కోసం సంస్థను నెలకొల్పింది. కుక్కను రోగిగా చూసే దృష్టి 20వ శతాబ్ది చివరి పాదంలో, అందులోనూ పార్వో వంటి మహమ్మారి తాకిడితో, జనసామాన్యానికి చేరింది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన సంచార పశువైద్య అంబులెన్సులు 1962 నంబరు పిలుపుపై గ్రామాలకు వస్తున్నాయి. వాటి పేరులోనూ ‘పశు’ శబ్దమే ఉంది. ఆ శబ్దంలో కుక్క కూడా చేరేలా దాని అర్థం విస్తరించడం ఇప్పుడు జరగవలసిన మార్పు.

ఈ మార్పులో తెలుగు భాషా పరిశోధకులకు పాత్ర ఉంది. పశురోగ నామాలను మాండలిక నిఘంటువులు సేకరించినట్లు, కుక్కల రోగాల గురించి చెరువుగట్లపైనా పల్లెల్లోనూ వినిపించే మాటలను సేకరించాలి. వాటిలో లక్షణాన్ని సరిగా పట్టిచూపేవాటిని పశువైద్యుల సహకారంతో పరిభాషగా తీర్చిదిద్దాలి. పారుడురోగం అనే పేరు పెట్టిన గొర్రెలకాపరికి ఏ విశ్వవిద్యాలయమూ సాయపడలేదు. గొర్రె పోతే బతుకు పోతుందనే భయం అతని చూపును పదునుపెట్టింది. కుక్క పట్ల అంతటి శ్రద్ధ కలిగిన తరం ఇప్పుడు ఆకివీడులోనూ ఉంది, ఏలూరులోనూ ఉంది. దాని వద్ద సెల్‌ఫోనులో పశువైద్యుని నంబరు ఉంది, టీకా పుస్తకం ఉంది. రాత్రివేళ కుక్క ఏమీ రాకుండా కక్కుతుంటే ఫోనులో వైద్యునికి చెప్పడానికి సరైన తెలుగు మాట మాత్రం ఇంకా కావాలి.